ఐతారం మర్సనాడు

ఫోనులో ఆమె పేరు చెప్పలేదు. “అక్కా, మీ తమ్ముడు పోయినాడు” అంది. నాకు తోడబుట్టిన తమ్ముళ్ళు లేరు. ధర్మవరంలో నన్ను అక్కా అని పిలిచే మగవాడు ఒక్కడే కాబట్టి, ఎవరి భార్య మాట్లాడుతోందో వెంటనే తెలిసింది. “ఎప్పుడు?” అని అడిగాను. “తెల్లారి. కాఫీ తాగి, పనికి పోతా పోతా గడపకాడ కూలబడినాడు” అని, అప్పుడు ఏడ్చింది. నేను క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ గీత గీశాను. నాకు అలవాటు. పుట్టిన తేదీ తెలియని మనిషికి పోయిన తేదీ అయినా సరిగ్గా ఉండాలి.

ఆయన పని పడుగులు అతకడం. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. ధర్మవరంలో ఆ పని మీద ఇంటింటికీ తిరిగేవాళ్ళు వేరుగా ఉంటారు. వేళ్ళకు కొంచెం బూడిద అద్దుకుని, మగ్గం ముందు వంగి కూర్చుంటే పొద్దు వాలేదాకా లేవరు. పని లేనప్పుడు కూడా ఆయన బొటనవేలూ చూపుడువేలూ గాలిలో పోగు మెలిపెడుతూనే ఉండేవి. ఏదో ఆలోచిస్తున్నాడనడానికి అదే గుర్తు.

కొత్త మనిషి కనబడితే ఆయన ఊరూ పనీ అడిగేవాడు కాదు. “మీ తాత పేరేంది? ఆయన నాయన పేరు? ఆయన నాయనది?” అని పైకి పోయేవాడు. మూడో మెట్టు దగ్గరో నాలుగో మెట్టు దగ్గరో అవతలి మనిషి ఆగిపోయేవాడు. “ఆడికి తెగింది” అనేవాడు ఈయన, తానేదో నష్టపోయినట్టు. ఒకసారి మా ఇంటికి గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయిని కూడా పట్టుకున్నాడు.

“ఏమప్పా, మీ తాత పేరేంది?”

“ఎందుకన్నా, సబ్సిడీకా?”

“సబ్సిడీకి కాదు, ఊరికే.”

“ఊరికే అయితే నాకు తెల్దు” అని ఆ అబ్బాయి ఖాళీ బండ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఈయన కొంతసేపు నవ్వి, “సబ్సిడీకంటే చెప్తాండె” అన్నాడు.

మొదటిసారి ధర్మవరం నుంచి బస్సులో మా ఇంటికి వచ్చినప్పుడు గేటు బయటినుంచే మాట్లాడాడు. “డెబ్బై ఒకటిలో మా వీధిలో జనాభా లెక్కలు రాసుకున్న టీచరమ్మ నువ్వేనా?”

నేనే. అప్పుడు ధర్మవరంలో లెక్కల టీచరుగా కొత్తగా చేరాను. మగ్గాల వీధులు నాకు వేశారు.

“ఆ కాయితాలు యాడ పెట్టినావక్కా?”

లోపలికి రమ్మని కూర్చోబెట్టి చెప్పాను. ఇంటింటి కాగితాలు ఎవరికీ చూపించరు. కూడికలు మాత్రమే అచ్చువేస్తారు.

“పేర్లు?”

“పేర్లు ఉండవు. మగవాళ్ళు ఇంతమంది, ఆడవాళ్ళు ఇంతమంది. అంతే.”

“మనుషుల్ని లెక్కబెట్టి పేర్లు పారేస్తారా? అది గొర్రెల లెక్క గదక్కా.”

“గొర్రెలకైనా పేర్లు రాయరు.”

“మా మేనమామ గొర్రెలకు అన్నిటికీ పేర్లుండె” అన్నాడు.

ఆయనకు కావలసింది తాత. రెండో ప్రపంచ యుద్ధంలో, ఈయన తండ్రి ఉయ్యాలలో ఉండగా, తాత సైన్యంలో చేరి వెళ్ళాడు. తిరిగి రాలేదు. అవ్వ ఓబులమ్మ కదిరి వైపు పల్లె వదిలి, బిడ్డను చంకనేసుకుని ధర్మవరం వచ్చి, పట్టు చుట్టి బతికింది. పాత పల్లెకు వార్త ఏదైనా వచ్చి, అక్కడ మనిషి లేక వెనక్కు పోయిందేమో తెలియదు. ఆమెకు మాత్రం ఏ కబురూ అందలేదు. గాజులు తీయలేదు, బొట్టు తీయలేదు. చివరికి గాజులతోనే ఆమెను పూడ్చారు.

వాళ్ళింట్లో పెద్దల అమావాస్యనాడు పోయినవాళ్ళకు కొత్త బట్టలూ వండినవీ పెడతారు. కొడుకు ఆ బట్టల మీద చేయిపెట్టి, పోయినవాళ్ళను పేరుపెట్టి పైకి పిలవాలి. పిలవకపోతే వాళ్ళకు ఇల్లు తెలియదట. తప్పు పేరు పిలిస్తే, పెట్టింది ఇంకెవరికో చేరుతుందట. ఇది వాళ్ళ నమ్మకం, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఓబులమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ భర్తకు పెట్టనివ్వలేదు. “వార్త రానోణ్ణి పెద్దల్లో కలపొద్దు” అనేది. పోయేముందు మాత్రం కొడుకుతో, “యాడ ఉన్యాడో తెలుసుకోని పిలువు” అని చెప్పింది.

ఆ కొడుకు, అంటే ఈయన తండ్రి, ఈయన నా దగ్గరికి వచ్చేనాటికి డెబ్బై దాటిన మనిషి. ఒక కంట్లో పొర, రాత్రింబవళ్ళు దగ్గు.

“మా నాయన చేత్తో పెట్టల్లక్కా. కొడుకుండంగ మనవడు పెట్టగూడదు. ఆయన ఉన్నప్పుడే కావల్ల” అన్నాడు. తాత కోసం ఒక పట్టుపంచె నేయించి ట్రంకుపెట్టెలో పెట్టుకున్నాడు. ఆ సంగతి కూడా అప్పుడే చెప్పాడు. పంచె సిద్ధం, పిలిచే మనిషి సిద్ధం, పిలిపించుకునే మనిషి జాడ లేదు.

తాత పేరు నరసింహులు అన్నారు. తండ్రి బడి సర్టిఫికెట్లో అలాగే ఉంది.

యుద్ధంలో పోయినవాళ్ళను ఇంగ్లీషువాళ్ళ శ్మశానాల్లో పూడుస్తారని ఎవరో చెబితే, ముందు గుత్తి పోదామన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, చదవడానికి నేను కావాలి. మే నెల. కోట కింది సమాధుల దగ్గర మేమిద్దరమే. సంచిలోంచి నీళ్ళసీసా, కొబ్బరిపీచు, ఒక పొట్లం తీశాడు. రాతిమీద నీళ్ళు పోసి పీచుతో రుద్ది, ఆరాక పొట్లంలోని రాగిపిండి అక్షరాల్లోకి అరచేత్తో పులిమాడు. అరిగిపోయిన అక్షరాలు పైకి తేలాయి.

“సుద్దముక్కతో రుద్దొచ్చు కదా” అన్నాను.

“సుద్ద రాతిని తింటాదక్కా. పిండి అయితే చీమలు తింటాయి.”

దారిన ఖాళీ బిందెలతో పోతున్న ఒకామె ఆగింది. “ఏమప్పా, తాగను నీళ్ళు లేక మేము ట్యాంకరు కాడ కొట్టుకుంటాంటే, నువ్వు రాళ్ళకు పోస్తాండావా?”

“ఈ దొర శానా ఏండ్లనుంచి దప్పికతో ఉన్యాడుమ్మా.”

“దొర దప్పిక దొర చూసుకుంటాడు. ఆ సీసా ఇట్ల తే.”

ఇచ్చాడు. ఆమె బిందెలు దింపి, తాగి, నీడకు కూర్చుంది. ఈయన ఊరుకోలేదు. “మీ ఇంటాయన పేరేందమ్మా?”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “చూడక్కా ఈయప్పను! నేను చెప్తే ఏమన్నా ఉండాదా? ఊళ్ళో ఎవుర్నన్నా అడుగుపో.” సీసా అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

“అందరూ మా అవ్వలే” అన్నాడు ఈయన.

ఆ పూట చదివిన రాళ్ళ కింద దొరలు, దొరసానులు, ఏడాది నిండని పిల్లలు ఉన్నారు. మన పేరు ఒక్కటీ లేదు. మన సిపాయిలు ఎక్కడ పోతే అక్కడే దహనం అయ్యారనీ, శవం దొరకనివాళ్ళ పేర్లు అక్కడి గోడలమీద చెక్కారనీ, ఆ పేర్లకు పుస్తకాలున్నాయనీ తెలుసుకోవడానికి నాకు మరికొంత కాలం పట్టింది. ఆ పుటలు ఇప్పుడు కంప్యూటరులో దొరుకుతాయి. పక్కింటి అమ్మాయి అచ్చుతీసి ఇచ్చింది. అవి పోయినవాళ్ళ పేర్ల వరుసలో ఉంటాయి. ఊరినో భార్యనో పట్టుకుని అందులో వెతకడం కుదరదు. పేరు తెలియాలి.

ఆదివారాల్లో వచ్చేవాడు. ఒక సంచిలో వేరుశనక్కాయలు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, కుర్చీ వేసినా నేలమీదే కూర్చునేవాడు. నేను నరసింహుళ్ళను చదివేదాన్ని. సేలం నరసింహులు, చిత్తూరు నరసింహులు, తండ్రి పేరు మాత్రమే ఉండి ఊరు లేని నరసింహులు. జిల్లా వేరని తెలియగానే నేను ఆపబోతే ఒప్పుకునేవాడు కాదు. “పూర్తిగా చదువక్కా. మనోడు కాకుంటే సగంలో ఇడిసిపెడతామా? వానికీ ఎవురో ఎదురు చూసింటారు.” అంతా చదివాక “ఊఁ” అనేవాడు. తరువాతి పేరుకు పోయేవాళ్ళం. మా జిల్లా నరసింహులు ఒక్కడు దొరికాడు, కానీ పెళ్ళి కానివాడు.

ఒక ఆదివారం వచ్చి కూర్చుని వేళ్ళు తిప్పుతూనే ఉన్నాడు. తరువాత అన్నాడు, “నాయనకు మతి నిలవడంలేదక్కా. మొన్న అమాసకు మా అవ్వ పేరే మర్సినాడు. నేను చెవులో చెప్తే పిలిచినాడు.”

అప్పుడు నేను మొదటే అడగవలసింది అడిగాను. “నరసింహులు అని మీ అవ్వ చెప్పిందా?”

“అవ్వ ఎట్ల చెప్తాది? మొగుని పేరు గదా.”

“మరి బడిలో ఎవరు చెప్పారు?”

“తెల్దు.”

నాకు డెబ్బై ఒకటిలో వాళ్ళ వీధి గుర్తుంది. ఓబులమ్మ అరుగుమీద కూర్చుని రాట్నం తిప్పుతోంది. పెళ్ళయిందా, వితంతువా అని అడిగితే గాజులచేయి ఎత్తి చూపించింది. నేను “వివాహిత” అని రాసుకున్నాను. చెప్పింది చెప్పినట్టు రాయాలన్నది మాకు ఇచ్చిన నియమం. నేను లేచేలోపల ఆమె నాకు సాయంగా ఎదురింటివైపు తిరిగి ఒక కేక పెట్టింది. “ఒరే నరసింహులూ! నిన్ను రాసుకునే యమ్మ వచ్చింది. చొక్కా ఏసుకోని రా!” ఆయన గుండీలు తప్పుగా పెట్టుకుని వచ్చాడు. నా వరుసలో తరువాతి ఇల్లు ఆయనదే.

ఇది చెప్పి, “భర్త పేరు నరసింహులు అయితే ఆమె వీధంతా వినబడేలా ఆ పేరు అరవదు” అన్నాను.

ఆయన వేళ్ళు ఆగిపోయాయి. అవి ఆగడం నేను చూడటం అదే మొదటిసారి.

“నీ చెవులతో నువ్వు ఇన్యావా అక్కా?”

“విన్నాను.”

“ఎదురింటి నరసింహులు మా అవ్వకు తమ్ముని వరస. దినానికి పదిమార్లు పిలుస్తాండె. మేమందరమూ ఇన్యాము. ఒక్కనికన్నా తట్టలేదే.”

“ఆమె ఏం పలికేదో వదిలెయ్. ఏది పలికేది కాదో గుర్తు చేసుకో” అన్నాను.

ఆ వారమంతా పడుగులు అతుకుతూ ఆలోచించాడట. ఇళ్ళల్లో ముసలివాళ్ళను అడిగాడట. ఒక పొద్దున ఫోను చేశాడు. పలకరింపు లేదు.

“అక్కా, ఈపొద్దు ఏ వారం?”

“సోమవారం.”

“ఆ మాట మా అవ్వ నోట ఎప్పుడూ రాలేదు. ఐతారం మర్సనాడు అంటాండె.”

సోమవారం అనకుండా, ఆదివారం మరునాడు అనేదన్నమాట. చిన్నప్పుడు వీధిలో పిల్లలకు అదొక ఆటట. సోమవారంనాడు అరుగు ముందు చేరి, “అవ్వా, ఈపొద్దు ఏ వారం?” అని అడిగేవారు. “ఐతారం మర్సనాడురా, మీ నోట్లో మన్ను పడ” అని పట్టు చుట్టే కండె విసిరేది. కండె ఏరుకొచ్చి ఇచ్చి మళ్ళీ అడిగేవారు. ఆయన కూడా అడిగాడు. తాత వెళ్ళిపోయింది ఆ వారం కాబోలు, అందుకే ఆమెకు గిట్టదు అని ఇంట్లో అనుకునేవారు.

“గిట్టకపోతే ఆ వారాన్ని పేరుపెట్టి తిట్టేది” అన్నాను. “పలక్కపోవడం వేరు.”

“అదేనక్కా నేను చెప్తాండేది. సోమన్నో, సోమప్పో. బస్సెక్కుతాండా. నువ్వు ఆ పుటలు తీసిపెట్టు.”

ఆయన వచ్చేదాకా నేను చదవలేదు. ఇద్దరం ఉన్నప్పుడే చదవడం సరైన పద్ధతి. సోమప్పలు అయ్యాక సోమన్నలు. మొదటి సోమన్నను చివరిదాకా చదివించుకుని “ఊఁ” అన్నాడు. రెండోవాడికి “ఊఁ”. మూడోవాడు సిపాయి, కదిరి తాలూకా, అనంతపురం జిల్లా. బర్మాలో పోయాడు. శవం దొరకలేదు, పేరు అక్కడి గోడమీద ఉంది. చివర ఒక మాట ఉంది. ఓబులమ్మ భర్త.

“మళ్ళా చదువు.”

“ఓబులమ్మ భర్త.”

“ఇంగోసారి.”

చదివాను. ఆయన ఆ పుట తన వైపు తిప్పుకుని, చదవడం రాకపోయినా, నేను చూపించిన చోట వేలు పెట్టాడు.

“మా అవ్వ చచ్చేదాంకా ఆయప్ప పేరు పలకలేదు. ఆయప్ప మాత్రం యాడో పట్టాళంలో, ఎవురో రాసుకునేవాని ముందర నిలబడి, ఓబులమ్మ నా పెండ్లాము అని చెప్పినాడు” అన్నాడు. తరువాత నీళ్ళు అడిగాడు. తాగి, శనక్కాయలు తెచ్చిన సంచి మరిచి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం తండ్రికి చదివి వినిపించడానికి నేనే వెళ్ళాను. ముసలాయన మంచంమీద కూర్చుని, బాగున్న కన్ను నావైపు తిప్పి విన్నాడు.

“సోమన్ననా?”

“సోమన్న.”

“మరి నరసింహులు ఎవురు?”

“నిన్ను బడికి ఎవురు పిల్సకపోయినారు నాయనా?” అని కొడుకు అడిగాడు.

ముసలాయన ఆలోచించి, ఒక్కసారిగా నవ్వాడు. దగ్గు వచ్చినా నవ్వు ఆగలేదు. “నరసింహులు మామ భుజంమీద ఎత్తకపోయినాడు! అయివారు పేరేంది అంటే ఆయప్ప తన పేరు చెప్పింటాడు. ఇన్నేండ్లు ఆయప్ప కొడుకునని సంతకాలు పెట్టినానా! బ్యాంకులో కూడా అదే ఉండాది గదరా!”

“ఉండనీ లే.”

“మా యమ్మకు తెలిసింటాది గదా. చెప్పకూడదా?”

“తప్పని చెప్పల్లంటే పేరు చెప్పల్ల గదా నాయనా.”

ముసలాయన తల ఊపి, మెల్లగా “సోమన్న కొడుకు” అని పలికి చూసుకున్నాడు. “నోరు తిరగడంలే” అన్నాడు. “రోజూ కొంచెం పలుకుతాలే. అమాసకు పొద్దుండాది.”

పుటలో ఉన్న, సోమన్న పోయిన తేదీకి తిథి లెక్కకట్టి ఇచ్చాను. వాళ్ళు దాన్ని పట్టించుకోకుండా పెద్దల అమావాస్యకే పెట్టారు. నన్ను పిలిచారు. ట్రంకులోంచి పంచె వచ్చింది. ముసలాయన మొదట తల్లి చీరమీద చేయిపెట్టి ఆమెను పిలిచాడు, మరిచిపోలేదు. పంచెమీద చేయిపెట్టి “సోమన్నా” అన్నాడు. ఆగాడు. “నాయనా, తీసుకో” అన్నాడు. అంతకుముందు ఆ మనిషి ఎవరినీ ఆ మాటతో పిలిచి ఉండడని నాకు అప్పుడు తట్టింది. వెనక నిలబడిన కొడుకు నా చెవి దగ్గరికి వంగి, “అంచు ఒకపక్క వంకర వచ్చిందక్కా, చూసినావా? నేసినోణ్ణి నాలుగు అడగల్ల” అన్నాడు.

ముసలాయన మరి రెండు అమావాస్యలు పెట్టి, తానూ పెద్దల్లో కలిశాడు.

తాత దొరికాక ఈయన నెమ్మదించాలి. నెమ్మదించలేదు. పడుగు అతకడానికి పోయిన ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్ళను పట్టుకునేవాడు. “మొగుని పేరు చెప్పమ్మా. నువ్వు చెప్పకుంటే నీ మనవడు గుత్తికి పోయి రాళ్ళకు పిండి పూయల్ల.” వాళ్ళు నవ్వి లోపలికి పోయేవారు. ఒకామె మాత్రం, “చెప్తా గానీ, నువ్వు ముందర నీ పెండ్లాముతో చెప్పించు పో” అందట. అది ఆయనకు తగిలింది. వాళ్ళింటికి నేను పోయినప్పుడల్లా నా ఎదుటే భార్యను అడిగేవాడు.

“ఏమే, అక్క ముందర నా పేరు చెప్పు ఒకసారి.”

“నీకు పనిలేదా? ఆయుస్సు తగ్గుతాది.”

“తగ్గితే తగ్గనీ. పేరన్నా మిగులుతాది.”

“పేరు ఏం చేసుకుంటావు, కూర వండుకుంటావా? పోయి వంకాయలు తే.”

ఆయన సంచి తీసుకుని పోయేవాడు. గడప దాటాక వెనక్కు తిరిగి, “చెప్పదక్కా, చూడు” అని నాతో అనేవాడు. ఇది ఆయన పోయేదాకా నడిచింది. ఆమె చెప్పలేదు.

ఈ ఏడు పెద్దల అమావాస్యకు వాళ్ళబ్బాయి వచ్చి నన్ను పిలిచాడు. వెళ్ళాను. ఓబులమ్మకు చీర. సోమన్నకు పంచె. ముసలాయనకు పంచె, తువ్వాలు. చివర కొత్తగా ఒక పంచె, చొక్కా. అబ్బాయి ముగ్గురినీ వరుసగా పేరుపెట్టి పిలిచాడు. నాలుగో జతమీద చేయిపెట్టి “నాయనా” అనబోయాడు.

“ఉండు” అంది వాళ్ళమ్మ, వెనకనుంచి ముందుకు వచ్చి.

చుట్టాలావిడ ఒకామె, “నువ్వెందుకుమ్మా? పిల్లోడు పిలుస్తాడు గదా” అంది.

“పిల్లోడు నాయనా అంటాడు. ఊళ్ళో నాయనలకు ఏం కొదవ?” అంది ఆమె. కూర్చుని చొక్కా మడత సరిచేసి, దానిమీద చేయిపెట్టింది. “బతికినన్నాళ్ళు అడిగినాడు” అంది, ఎవరివైపూ చూడకుండా. తరువాత ఇంటిపేరుతో సహా ఆయన పేరు పలికింది.

ఆ పేరు నేనిక్కడ రాయలేదు. పలకవలసిన మనిషి పలికింది. గడప బయట, చెప్పులు విడిచినచోట నిలబడిన నాక్కూడా వినబడేంత గట్టిగా పలికింది.